కొడగు అడవుల్లో ఎలుకల వెంట

కుశాలనగర దగ్గర, ఫిబ్రవరి 5

"కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే విన్నాం గానీ, దానికి టికెట్టు కొనుక్కుని పోయేవాణ్ణి నిన్నే చూస్తున్నా" అంది పిన్ని ఫోన్లో. ఆవిడకి ఆ మాట అనే హక్కుంది. నన్ను రమ్మన్నది ఆవిడ కొడుకే. మా తమ్ముడు కర్ణాటకలోని కొడగులో, అంటే కూర్గులో, చిన్న క్షీరదాల మీద పరిశోధన చేస్తున్నాడు. చిన్న క్షీరదాలంటే పెళ్ళిళ్ళలో ఎవరికీ అర్థం కాదని "ఎలుకలమ్మా" అని చెప్పేస్తుంటాడు. ఆ తర్వాత ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.

కుశాలనగర వైపు కొడగు ఫొటోల్లో కనిపించే కొడగు కాదు. ఎర్రమట్టి, టేకు, వెదురు పొదలు. ఎండకి ఆకులు కాళ్ళ కింద ఫటఫటమంటున్నాయి. పడమటి అంచున భాగమండల దగ్గర ఏడాదికి 5 వేల మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. ఇక్కడ అందులో పావు వంతు పడితే గొప్ప. మధ్యలో దూరం అరవై డెబ్బై కిలోమీటర్లే. ఆ కాస్త దూరంలోనే చెట్లు మారిపోతాయి, చెట్లతో పాటు ఎలుకలూ మారిపోతాయి. ఆ మార్పు చూడాలనే ముందు ఎండు వైపు దిగాం.

మధ్యాహ్నం రోడ్డు పక్క మెస్సులో అన్నం, సారు (మన చారే), మజ్జిగ. మనిషికి 90 రూపాయలు. రెండోసారి అన్నం వడ్డించడానికి వచ్చినతను మేం మాట్లాడేది విని "తెలుగా? తిరుపతికి ఏటా వెళ్తాం" అని పప్పు కూడా తెచ్చి వేశాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి బోన్లు పెట్టడం మొదలైంది. తొమ్మిది అంగుళాల అల్యూమినియం రేకు పెట్టె, మడిస్తే చదునైపోతుంది. లోపల తొక్కుడు పలక, దాని మీద అడుగు పడగానే తలుపు ఠప్పున మూసుకుంటుంది. ఎరగా వేరుశనగ గింజలు, కాల్చిన కొబ్బరి ముక్క. రాత్రి చలికి చచ్చిపోకుండా చిటికెడు దూది. పది మీటర్లకొకటి చొప్పున పెట్టాలని లెక్క. కానీ తమ్ముడితో పనిచేసే, జేను కురుబ అనే గిరిజన తెగకి చెందిన అణ్ణ ఆ తాడు కొలతని పెద్దగా ఖాతరు చెయ్యడు. మోకాలి మీద వంగి, పడిపోయిన దుంగ కింద దారి ఎటుందో చూసి, బోనుని ఒక జానెడు ఇటో అటో జరుపుతాడు. ఆయన జరిపిన బోన్లలోనే ఎక్కువ పడతాయని తమ్ముడు ఒప్పుకున్నాడు, పరిశోధన పత్రంలో అది ఎలా రాయాలో తెలియక తల పట్టుకున్నాడు.

అటవీశాఖ అనుమతి కాగితం తమ్ముడి జేబులో ఎప్పుడూ ఉంటుంది. అది లేకుండా అడవిలో బోను పెట్టడం నేరం, సరదాకి చెయ్యాల్సిన పని కాదు. ప్యాంటు కాళ్ళు మేజోళ్ళలో దోపుకుని, వాటి మీద పురుగులు దగ్గరికి రాకుండా ఉండే నూనె రాసుకున్నాం. భయం ఎలుక గురించి కాదు, దాని ఒంటి మీద ఉండేవాటి గురించి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చచ్చిపోతే బయటపడిన క్యాసనూరు జ్వరం పిడుదుల వల్ల వస్తుంది. ఆ పిడుదుల పిల్లలు పెరిగేది అడవి ఎలుకల మీద, చుంచుల మీద. స్క్రబ్ టైఫస్ అనే ఇంకో జ్వరాన్ని తెచ్చే పురుగులు కూడా ఎలుకల మీదే ఉంటాయి. ఇక ఏనుగులు. చీకటి పడేలోపు బయటికి వచ్చెయ్యాలి, తెల్లారి వెలుతురు బాగా వచ్చేదాకా లోపలికి పోకూడదు. ఈ నియమం దగ్గర అణ్ణ ఎవరి మాటా వినడు.

అదే అడవి, ఫిబ్రవరి 6

పొద్దున్నే చాలా బోన్లు నోరు తెరుచుకునే ఉన్నాయి. కొన్నిట్లో చీమలు కొబ్బరిని ఖాళీ చేసి పోయాయి. మూసుకున్న మొదటి బోనుని తమ్ముడు గుడ్డ సంచిలోకి వంచాడు. సంచిలో ఏదో బరువుగా దొర్లింది.

నేను రంగు చూడబోయాను. "రంగు తర్వాత అన్నయ్యా, ముందు తోక" అన్నాడు. రంగు వయసుని బట్టి మారుతుంది, తడిస్తే మారుతుంది, టార్చి కింద ఇంకోలా ఉంటుంది. పట్టుకోవలసినవి వేరే. తోక ఒంటి కన్నా పొడుగా, పొట్టా? వెనక పాదం ఎంత, దాని అడుగున మెత్తలు ఎన్ని? పొట్ట తెలుపా, బూడిదా, ఆ రెండు రంగులూ పక్కటెముకల దగ్గర గీత గీసినట్టు విడిపోయాయా, కలిసిపోయాయా? పై ముందుపళ్ళ మీద గాడి ఉందా? ఆడదైతే చనుమొనలు ఎన్ని జతలు? ఇన్ని అడిగాక గానీ పేరు జోలికి పోకూడదు.

సంచితో సహా తూచి, సంచి బరువు తీసేసి, మెడ వెనక తోలు పట్టి బయటికి తీశాడు. గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట, ఒంటి కన్నా పొట్టి తోక. "వేలితో వెనక నుంచి ముందుకి రాయి" అన్నాడు. రాశాను. బొచ్చు అనుకున్నది గరగరా గుచ్చుకుంది. దగ్గరగా చూస్తే వీపంతా వెంట్రుకలతో పాటు చదునైన సన్నని ముళ్ళు, ఒక్కొక్కదాని మధ్యలో చిన్న కాలవ. ఎలుక భయపడి ఊపిరి తీసినప్పుడల్లా ఆ ముళ్ళన్నీ ఒకేసారి లేచి పడుకుంటున్నాయి. మస్ ప్లాటిత్రిక్స్, ముళ్ళ చిట్టెలుక. ముళ్ళపందికీ దీనికీ చుట్టరికమేం లేదు, మన ఇంటి చిట్టెలుకకి దగ్గర బంధువు.

వదిలేశాక అది ఎటు పోయిందో అణ్ణ చూపించాడు. గట్టు పక్కన ఒక కన్నం, దాని మూతి దగ్గర శనగగింజంత గులకరాళ్ళ కుప్ప. లోపలికి పోయాక ఆ రాళ్ళతో తలుపు మూసుకుంటుందట. లోపల పడుకునే చోట కూడా రాళ్ళే పరుచుకుంటుందని పాత ప్రకృతి శాస్త్రవేత్తలు రాసిపెట్టారు.

ఆ రాసినవాళ్ళలో ముఖ్యుడు వాల్టర్ ఎలియట్. మనవాళ్ళకి ఈయన వేరే రకంగా తెలుసు. 1845లో అమరావతి స్తూపం తవ్వించి శిల్పాలు మద్రాసుకి తరలించిన ఎలియట్ ఈయనే. అంతకు ముందు ధార్వాడ ప్రాంతంలో ఉద్యోగం చేస్తూ అక్కడి జంతువుల జాబితా ఒకటి తయారుచేసి 1839లో అచ్చు వేశాడు. ఎలుకల సంగతులు చాలావరకు ఆయనకి చెప్పింది చెరువులు తవ్వే ఒడ్డెరలు. 1826లో వానలు ఆలస్యమై పొలం ఎలుకలు విపరీతంగా పెరిగిపోతే, విత్తిన గింజ విత్తినట్టే తినేసి, జొన్న కంకులు ఎక్కి కొరికేస్తుంటే, రైతులు ఒడ్డెరలని పెట్టి చంపించారట. ఇన్ని డజన్లకి ఇంత ధాన్యం అని కూలి. వేలల్లో చంపినా తగ్గినట్టు కనబడలేదని రాశాడు. ఆ ఎలుక శాస్త్రీయ నామంలో ఉన్న మెల్టాడా ఒడ్డెరలు పిలిచే పేరు నుంచి తీసుకున్నదే. మ్యూజియంలో ఎలియట్ పేరు చదివినప్పుడు ఈ ముక్క ఎక్కడా కనిపించదు, నాకైతే శిల్పాల తరలింపు కన్నా ఇదే నచ్చింది.

ఎండిన గడ్డిలో ఇంకో బోనులో పడింది ఆయన పేరు పెట్టుకున్న ఎలుకే, గొలుండా ఎలియటీ. పసుపు నలుపు కలిసిన ముతక బొచ్చు, పొట్టి తోక, గుండ్రటి మొహం. పెదవి పైకెత్తి చూపించాడు తమ్ముడు: పై ముందుపళ్ళ మీద నిలువునా ఒక్కో గాడి. గడ్డి మొదళ్ళలో ఇది నడిచి నడిచి వేసుకున్న సొరంగం దారి మోచేతి వరకు చెయ్యి దూర్చినా అందలేదు. 19వ శతాబ్దంలో సింహళంలో కాఫీ తోటల మీద పడి మొగ్గలూ చిగుళ్ళూ కొరికి పారేసింది ఈ జాతే, అక్కడ దీని పేరే కాఫీ ఎలుక. తోటల్లో పనికి వెళ్ళిన దక్షిణాది కూలీలు వీటిని నూనెలో వేయించీ, కూరగా వండీ ఇష్టంగా తినేవాళ్ళని, ఎలుకలు ఎక్కువున్న తోటల్లోనే పని వెతుక్కునేవాళ్ళని అప్పటి రాతల్లో ఉంది.

విరాజపేట దాటాక, ఫిబ్రవరి 7

ఇక వాన ఎక్కువ పడే వైపు, కక్కబ్బె వెళ్ళాలి. ఫోన్లో మ్యాపు చూపించిన అడ్డదారి ఒక కాఫీ తోట గేటు దగ్గర ఆగిపోయింది. జీపు వెనక్కి తిప్పుతుంటే లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి, దారి చెప్పడానికి ముందే కాఫీ తాగి వెళ్ళమన్నాడు. వద్దంటే బాగుండదని తమ్ముడు కన్ను గీటాడు. వరండాలో బల్ల, గోడకి తుపాకీ. ఇక్కడి స్థానికులైన కొడవల ఇళ్ళలో తుపాకీ ఇంటి దేవుడి పక్కన ఉండేంత గౌరవం గలది, ఆయుధ చట్టం లైసెన్సు నుంచి వాళ్ళకి మినహాయింపు కూడా ఉంది. నేను దాన్ని చూస్తున్నానని గమనించి "మా తాతది" అన్నాడాయన, అంతకన్నా ఏమీ చెప్పలేదు. బెల్లం వేసిన నల్ల కాఫీ, పాలు లేవు. ఎందుకొచ్చామో విని నవ్వకుండా, "మా స్టోరు రూములో ఉన్నవి కూడా పట్టుకుపోండి, ఫీజేమీ అక్కర్లేదు" అన్నాడు.

ఆ దారి తప్పడానికి జీపు డ్రైవరు అదనంగా 300 అడిగాడు. కాఫీ అతనూ తాగాడు కదా అని తమ్ముడు 150కి దింపాడు.

కక్కబ్బె, ఫిబ్రవరి 8, 9

తడియండమోళ్ కొండ కింద ఒక హోంస్టేలో బస. మనిషికి రోజుకి 2,200, మూడు పూటల తిండితో. ఇంటావిడకి అరవై ఉంటాయి. తోట, లెక్కలు, వంట, కుక్కలు అన్నీ ఆవిడవే. తమ్ముడు కన్నడలో "అమ్మా" అంటాడు, ఆవిడ వాణ్ణి "ఇలి డాక్టరు" అంటుంది. ఇలి అంటే ఎలుకని చెప్పక్కర్లేదు.

రాత్రి భోజనం కడంబుట్టు, అంటే బియ్యపు రవ్వతో ఆవిరి మీద ఉడికించిన ఉండలు, పంది కూర. కూర నల్లగా ఉంటుంది. ఆ నలుపు మాడితే వచ్చింది కాదు, కాచంపులి అని ఒక అడవి పండు రసాన్ని కాచి కాచి తీసిన పులుసు వల్ల. చింతపండుకి అలవాటైన నాలుకకి ఆ పులుపు మొదట కాస్త ఘాటు, రెండో ముద్దకి వదల్లేం. పంది తిననివాళ్ళకి కోడి కూర ఉంది, అది మామూలుగా ఉంది. పొద్దున అక్కిరొట్టె, అంటే బియ్యపు రొట్టె మీద ఇక్కడి తేనె పోసిస్తారు. కక్కబ్బె తేనెకి పేరుంది.

అడవి ఇక్కడ పూర్తిగా వేరు. చెట్ల మొదళ్ళకి నాచు, మధ్యాహ్నం కూడా మసక. నేల మీద పెట్టిన బోన్లకన్నా మూడు మీటర్ల ఎత్తున ఊడల మీద కట్టినవాటికి ఇక్కడ పని ఎక్కువ. మొదటి పొద్దునే ఒకటి దొరికింది. చూడగానే మన ఇంటి ఎలుకే అనిపిస్తుంది: గోధుమ వీపు, పెద్ద చెవులు, పొడుగు తోక. కొలిస్తే ఒళ్ళు పదహారు సెంటీమీటర్లు, తోక ఇరవై దాటింది. పొట్ట తిప్పితే కడిగిన ముత్యం. సహ్యాద్రి అడవి ఎలుక, రాటస్ సతారే. 1918లో హింటన్ అనే జంతు శాస్త్రవేత్త దీన్ని ఇంటి ఎలుకలో ఒక ఉపజాతిగా రాసిపెడితే, దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. తర్వాత జన్యువులు పోల్చాక వేరే జాతే అని తేలింది. పశ్చిమ కనుమల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంటి ఎలుక కూడా ఈ తోటల్లో తిరుగుతుంది కాబట్టి, బూడిద పొట్ట అటూ తెల్ల పొట్ట ఇటూ అని అంత సులువుగా తేలదు. ఇంటి ఎలుకల్లో తెల్ల పొట్టవీ ఉన్నాయి. అందుకే చెవి అంచు నుంచి ఆవగింజంత ముక్క తీసి సీసాలో వేసుకున్నాడు.

నాకు ఈ పనిలో బాగా నచ్చింది తమ్ముడి నోటు పుస్తకం. కుశాలనగర వైపు దొరికిన ఒక బుల్లి ఎలుక దగ్గర "మస్, ?" అని రాసి ఉంది, అంతే. మస్ బూడుగా, మస్ టెర్రికోలర్ అనే రెండు జాతులు పక్కపక్కన పెట్టినా కంటికి ఒకటే, క్రోమోజోములు చూస్తేనే తేడా. ఏదో ఒకటి రాసెయ్యొచ్చు కదా అంటే, "తప్పు పేరు ఒక్కసారి పట్టికలో కూచుంటే నా తర్వాత వచ్చేవాడు యాభై ఏళ్ళు దాన్నే ఎత్తి రాస్తాడు" అన్నాడు. పులుల ఫొటోలకి పెట్టే ఖర్చులో వందో వంతు ఈ ప్రశ్నార్థకాల మీద పెడితే మన అడవుల గురించి ఇంకా ఎక్కువ తెలిసేదని నా గట్టి నమ్మకం.

ఒక బోను తెరవక ముందే వాసన కొట్టింది. "ఇది మన లెక్కలోది కాదు" అన్నాడు. చుంచు. చుంచెలుక అంటాం గానీ అది ఎలుక జాతే కాదు. మూతి ముందుకి సాగి ఆగకుండా వణుకుతుంటుంది, కళ్ళు ఉన్నాయా లేవా అన్నంత, ముందు పాదానికి అయిదు వేళ్ళు. ఎలుకకైతే నాలుగే కనిపిస్తాయి, బొటనవేలు బొడిపెగా మిగిలింది. తినేది పురుగుల్ని. త్వరగా వదిలెయ్యాలి, గంటలకొద్దీ తిండి లేకపోతే ప్రాణం నిలవదు.

తోట అంచున ఉడతలు కూడా చూశాం. వీపు మీద మూడు చారలే, కానీ రాముడి వేళ్ళు ఈ అడవిలో కాస్త తేలిగ్గా తగిలినట్టున్నాయి: లోపలి అడవిలోని మసక చారల ఉడతకి అవి వెతికితే గానీ కనబడవు.

తొమ్మిదో తేదీ మధ్యాహ్నం దేవరకాడుకి వెళ్ళాం. కొడగులో ఇలాంటి దేవుడి వనాలు వెయ్యికి పైనే ఉన్నాయి. ఊరి తక్కని, అంటే వంశపారంపర్యంగా గుడి వ్యవహారాలు చూసే పెద్దని, ముందే అడిగాడు తమ్ముడు. నడవొచ్చు, చెప్పులు వద్దు, బోన్లు అసలే వద్దు అన్నారు. వాదించలేదు. కాళ్ళకి ఆకులు మెత్తగా తగులుతుంటే ఒక గంట ఊరికే తిరిగి వచ్చేశాం. చుట్టూ తోటలయిపోయిన చోట ఆ పెద్ద చెట్లు, వాటి తొర్రలు ఇంకా మిగిలి ఉన్నాయంటే ఆ వద్దు అనే మాట వల్లే.

రాత్రి ఇంటి వెనక కంచె దగ్గర టార్చికి ఎర్ర కాయితం చుట్టి పొదలు చూశాం. తెల్ల వెలుతురుకి పారిపోయేవి ఎర్ర వెలుతురుని పట్టించుకోవు. అప్పుడు కనిపించింది పొడుగు తోక చెట్టెలుక, వాండెలూరియా. బరువు పది గ్రాములుంటుందేమో. చూపుడువేలి కన్నా సన్నని కొమ్మ మీద వెనక కాళ్ళతో పట్టుకుని, ముందు కాళ్ళతో పండు తిప్పుకుంటూ తింటోంది. తమ్ముడు దూరం నుంచే పాదం చూడమన్నాడు. దుర్భిణిలో తెలిసింది: మిగతా వేళ్ళకి వాడి గోళ్ళు, మొదటి వేలికీ చివరి వేలికీ మాత్రం చదును గోళ్ళు. ఆ రెండు వేళ్ళు ఎదురెదురుగా మడిచి కొమ్మని పిడికిట్లో పట్టింది. ఒంటికి ఒకటిన్నర రెట్లున్న తోక కొమ్మ చుట్టూ ఒక మెలిక వేసి వదిలింది. బోను అక్కర్లేకుండా, ముట్టుకోకుండా పేరు తేలిపోయిన ఎలుక ఈ ప్రయాణం మొత్తంలో ఇదొక్కటే.

అక్కడే, ఫిబ్రవరి 10

మిరియాల కోత నడుస్తోంది. కూలీలు వెదురు నిచ్చెనలు వేసి తీగల మీది గుత్తులు దూస్తున్నారు. అడవి వైపు వరసలో కొన్ని తీగల కింద పొట్టు రాలి ఉంది, గుత్తి ఈనె మిగిలింది, గింజ లేదు. ఇంటావిడ ఏడాదంతా కోతుల్ని తిడుతోంది. తమ్ముడికి మాత్రం వేరే అనుమానం. తోట అంచున ముసలి తాని చెట్టు, నాలుగు మీటర్ల ఎత్తున తొర్ర, దాని అంచు నున్నగా అరిగిపోయి ఉంది. కిందటి సాయంత్రం ఆ తొర్ర పక్కన కొమ్మకి బోను కట్టి, పండిన మిరియాలు వేశాడు.

పొద్దున బోను మూసి ఉంది. సంచిలోకి దించి, ఒక్క క్షణం లోపల చూసి, నా వైపు తిరిగిన వాడి మొహం చూస్తే పదో తరగతి ఫలితాల రోజు గుర్తొచ్చింది.

మలబార్ ముళ్ళ చెట్టెలుక. ప్లాటకాంథోమిస్ లాసియురస్, 1859లో బ్లైత్ అనే జంతు శాస్త్రవేత్త పెట్టిన పేరు. ఒళ్ళు పదమూడు సెంటీమీటర్లు, ఎర్రగోధుమ రంగు, వీపు నిండా చదును ముళ్ళు. కుశాలనగరలో చూసినదానికన్నా గట్టివి, వెడల్పైనవి. ఇక తోక. మొదట్లో దాదాపు బోడి, చివరికి పోయేకొద్దీ రోమాలు గుబురై, కొసన తెల్లగా, అచ్చం సీసాలు కడిగే బ్రష్షు. ఈ తోక ఉన్న ఎలుక ఈ అడవుల్లో ఇంకొకటి లేదు కాబట్టి కొలవకుండానే చెప్పెయ్యొచ్చు. అయినా కొలిచాడు, తొమ్మిదిన్నర. ఎలుక అంటున్నాం గానీ ఇంటి ఎలుకకి ఇది చాలా దూరపు చుట్టం. దగ్గర బంధువులు చైనా, వియత్నాం కొండల్లో ఉన్నాయి, మధ్యలో ఎక్కడా లేవు. అంతరించే ప్రమాదాన్ని లెక్కగట్టే అంతర్జాతీయ జాబితాలో ముప్పు పొంచి ఉన్న జాతి. తిరువాన్కూరులో ఉన్న బేకర్ అనే మిషనరీ 19వ శతాబ్దంలోనే రాశాడు, అక్కడివాళ్ళు దీన్ని మిరియాల ఎలుక అంటారని, పండిన మిరియాలకీ అడవి పనసకీ ఇది శత్రువని.

చేతిలో అది కరవలేదు, అరవలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని, మీసాలు తమ్ముడి బొటనవేలికి ఆనించి ఉండిపోయింది. పంటి సందున మిరియపు పొట్టు ముక్క ఒకటి ఎర్రగా అంటుకుని ఉంది.

ఇంటావిడని పిలిచాం. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, తోక నుంచి మీసాల దాకా చూసింది.

"ఇదా?"

"ఇదేనమ్మా. చాలా అరుదు. మీ చెట్టు మీద ఉంది."

"నా మిరియాల మీద ఉంది" అంది. "వాగు అవతల వదిలేసి రా."

దొరికిన చోటే వదలాలి, కొత్త చోట తొర్ర దొరకదు, ఒక్క రాత్రికే గుడ్లగూబ ఎత్తుకుపోతుంది, అదీ గాక అనుమతి కాగితంలోనూ అలాగే ఉందని తమ్ముడు ఓపిగ్గా చెప్పాడు. కాగితం కూడా తీసి చూపించాడు. ఆవిడ దాన్ని చదవలేదు. కిలో ఏడొందలకి అటూ ఇటూ పోతున్న మిరియం ఇది ఎన్ని కిలోలు తింటుందో ఆ కాగితంలో రాసిందా అని అడిగింది. ఎలుక బరువుతో లెక్కేసి, ఏడాదికి మీరు కూలీలకి పంచే కాఫీ అంత కూడా కాదని వాడన్నాడు. కూలీల కాఫీ జోలికి రావద్దంది.

చివరికి ఆవిడే తాని చెట్టు దాకా నిచ్చెన మోయించింది. తమ్ముడు ఎక్కి, తొర్ర మూతి దగ్గర సంచి విప్పాడు. బ్రష్షు తోక ఒకసారి పైకి లేచి లోపలికి జారిపోయింది. ఇంటావిడ కింద నుంచి దానికి కొడవ భాషలో ఏదో గట్టిగా చెప్పింది, కూలీలంతా నవ్వారు, మాకు ఎవరూ అర్థం చెప్పలేదు.

బయల్దేరేటప్పుడు పిన్నికి తీసుకెళ్దామని అరకిలో మిరియాలు అడిగాను. తూచి, పొట్లం కట్టి, 350 తీసుకుంది. తమ్ముణ్ణి మాత్రం, ఆ చెట్టు మీద ఇంకెన్ని ఉన్నాయో వచ్చే నెల వచ్చి లెక్క చెప్పి వెళ్ళమంది.